మాచా, జపాన్ తేనీటి సంస్కృతి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికి వచ్చినవారికి మాచా కలిపి ఇచ్చినప్పుడల్లా, గిన్నెలోని చిక్కటి పచ్చ నురగను చూసి వారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొన్నేళ్లపాటు జపాన్‌లో ఉండి, అక్కడి తేనీటి గదుల్లో అతిథిగా కూర్చుని, ఉజి పట్టణపు తేయాకు దుకాణాల్లో చూసి నేర్చుకున్నదాన్ని ఆధారం చేసుకుని వాటికి జవాబులు రాశాను. మాచాను మందులా మింగడం, ఫొటో కోసం కొనడం నాకు నచ్చవు. అది ఎంతోమంది చేతుల మీదుగా మన దాకా వచ్చిన ఆకు, దాన్ని ఆకుగానే రుచి చూడాలన్నది నా కోరిక.

మాచా అంటే గ్రీన్ టీ ఆకును పొడి చేసినదేనా?

కాదు. ఈ పొరపాటు వల్లనే చాలామంది మొదటిసారి తప్పు డబ్బా కొంటారు. మామూలు గ్రీన్ టీ ఆకును పొడి చేస్తే వచ్చేదానికి జపాన్‌లో ఫున్‌మత్సుచా అని వేరే పేరు ఉంది. మాచా కోసం ఆకును పెంచే తీరు వేరు, ఆరబెట్టే తీరు వేరు. కోతకు ముందు మూడు నాలుగు వారాలు తోటకు నీడ కట్టి, కోసిన ఆకుకు వెంటనే ఆవిరి పట్టి, నలపకుండా చుట్టకుండా ఆరబెట్టి, కాడలనూ ఈనెలనూ తీసివేయగా మిగిలిన పలుచటి రేకులను టెన్‌చా అంటారు. ఆ టెన్‌చాను విసిరితే వచ్చిన పిండే మాచా.

మిగతా తేనీళ్లలో ఆకు సారం మాత్రమే నీటిలోకి దిగుతుంది, పిప్పిని మనం పారేస్తాం. మాచాలో పారేసేది ఏదీ ఉండదు, ఆకు మొత్తం కడుపులోకి వెళ్తుంది. కాబట్టి ఆకులోని మంచీ చెడూ రెండూ నాలుకకు తెలిసిపోతాయి.

తోటకు నీడ ఎందుకు కడతారు?

మాచా రుచికి మూలమంతా ఇక్కడే ఉంది. తేయాకు మొక్క వేళ్లలో థియనైన్ అనే అమైనో ఆమ్లం తయారై, కాండం గుండా చిగుళ్లకు చేరుతుంది. ఎండ తగిలిన ఆకులో అది క్రమంగా కాటెకిన్లుగా మారుతుంది; టీలోని వగరుకు, కొంతవరకు చేదుకు అవే కారణం. నీడలో ఈ మార్పు మందగిస్తుంది కాబట్టి థియనైన్ ఆకులోనే నిలిచిపోయి, బాగా ఉడికిన కందిపప్పు కట్టులో ఉండే నిండుదనం లాంటి ఒక రుచిని ఇస్తుంది. ఈ రుచికి ఉమామి అని పేరు పెట్టినవారు కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త, అది 1908లో జరిగింది. థియనైన్‌ను తేయాకు నుంచి మొదటిసారి వేరు చేసింది 1949లో, క్యోటోలో. మరోవైపు, వెలుగు తగ్గిన ఆకు దొరికిన కాస్త వెలుగును పట్టుకోవడానికి పత్రహరితాన్ని పెంచుకుంటుంది. మంచి మాచాకు ఉండే గాఢమైన పచ్చదనం అలా వచ్చినదే.

ఉజి ప్రాంతపు పాత పద్ధతిలో తోట మీద పందిరి వేసి, రెల్లు తడికలు పరిచి, రోజులు గడిచే కొద్దీ వాటి మీద వరిగడ్డి దట్టంగా చల్లుతారు. చివరి రోజుల్లో ఆకుకు అందే వెలుగు పదో వంతు కన్నా తక్కువే ఉంటుంది. ఇప్పుడు చాలా తోటల్లో గడ్డికి బదులు నల్లటి వల కప్పుతున్నారు. మన వైపు అవిశ చెట్ల నీడలో తమలపాకు తీగను పెంచే రైతులకు, నీడ ఆకును ఎంత లేతగా ఉంచుతుందో వివరించి చెప్పనక్కరలేదు.

ఆకును కోశాక ఏం చేస్తారు?

ఇడ్లీ ఉడికినంత సేపు కాదు, సుమారు 20 సెకన్లు మాత్రమే ఆవిరి పడతారు. దాంతో ఆకును నల్లబరిచే ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, పచ్చదనం నిలుస్తుంది. తడి ఆకులు ఒకదానికొకటి అంటుకోకుండా, ఎత్తైన వల గూళ్లలోకి గాలితో ఎగరేస్తారు. అవి పైకి లేచి మళ్లీ కింద పడటం చూస్తుంటే, పంజరంలో పచ్చటి పిట్టల గుంపు ఎగురుతున్నట్టు ఉంటుంది. తరువాత ఇటుక పొయ్యి గుండా నడిచే పట్టీ మీద ఆరబెట్టి, ముక్కలు చేసి, కాడలనూ ఈనెలనూ వేరుచేస్తారు.

రాతి తిరగలిలోనే విసరాలా?

మేలైన మాచాకు ఇప్పటికీ గ్రానైట్ తిరగలే వాడతారు, కాకపోతే అది మోటారుతో తిరుగుతుంది. ఒక తిరగలి గంటకు ఇచ్చే పొడి 30 నుంచి 40 గ్రాములు మాత్రమే. వేగంగా తిప్పితే రాయి వేడెక్కి వాసనా రంగూ పోతాయి కాబట్టి నెమ్మదిగానే తిరగాలి. అంటే మనం కొనే 30 గ్రాముల డబ్బా ఒక తిరగలి దాదాపు గంటసేపు చేసిన పని. చవక రకాలను వేరే యంత్రాలతో పొడి చేస్తారు, వంటకాలకు అవి చాలు.

ఉజిలో ఒక దుకాణంలో చేతితో తిప్పే తిరగలి ముందు నన్ను కూర్చోబెట్టారు. మా అమ్మమ్మ ఇంట్లో కందులు విసిరిన అలవాటుతో జోరుగా తిప్పబోతే, దుకాణం పెద్దావిడ నా చేతి మీద చెయ్యి వేసి ఆపి, ఒక్కో చుట్టుకు మూడు నాలుగు సెకన్లు పట్టేలా తిప్పి చూపించారు. చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తరువాత రెండు రాళ్ల మధ్య అంచున సన్నటి పచ్చ గీత ఒకటి కనిపించింది, అది మెల్లగా రాలసాగింది. పావుగంట విసిరినా నాకు దక్కింది రెండు గిన్నెలకు సరిపోయే పొడి. వేళ్ల మధ్య నలిపితే ముగ్గుపిండిలా గరగరలాడలేదు, ముఖానికి రాసుకునే పౌడరులా వేలి గీతల్లో ఇంకిపోయింది.

మాచా జపాన్‌లోనే పుట్టిందా?

పొడి చేసిన తేయాకును వేడి నీటిలో చిలికి తాగే అలవాటు చైనాలో, సోంగ్ వంశపు కాలంలో వెలసినది. అక్కడ బౌద్ధ ధ్యానాన్ని అభ్యసించిన ఎయిసాయ్ అనే జపాన్ భిక్షువు 1191లో తిరిగి వస్తూ తేయాకు విత్తనాలనూ, ఆ తాగే పద్ధతినీ వెంట తెచ్చారు. తేనీటి గుణాల గురించి 1211లో ఒక గ్రంథం కూడా రాశారు. ఆయన దగ్గర విత్తనాలు పొందిన మ్యోయె అనే భిక్షువు క్యోటో శివారులోని తోగానోలో, కోజాన్‌జి ఆలయం దగ్గర వాటిని నాటారని, అక్కడి నుంచి సాగు ఉజికి పాకిందని చెబుతారు. ధ్యానంలో కునుకు రాకుండా భిక్షువులు తాగిన పానీయం, 14వ శతాబ్దం వచ్చేసరికి సమురాయ్‌ల పందేలకు వస్తువైంది: గిన్నెలు వరుసగా తాగి, ఏది తోగానో ఆకో ఏది మరో చోటిదో చెప్పిన వారికి బహుమతులు దక్కేవి. చైనాలో మాత్రం మింగ్ వంశపు కాలంలో ఆకును నానబెట్టి తాగడం స్థిరపడి, పొడి టీ మరుగున పడింది.

సెన్ నో రిక్యూ పేరు అందరూ ఎందుకు చెబుతారు?

ఈనాడు మనం చూసే తేనీటి మర్యాదకు రూపం ఇచ్చినవారు ఆయన కాబట్టి. ఆ దారిని మొదట వేసిన మురాతా జుకో, దాన్ని ముందుకు తీసుకువెళ్లిన తకెనో జోఓ ఆయనకు పూర్వులు. రిక్యూ 1522లో సకాయ్ రేవు పట్టణంలోని వర్తక కుటుంబంలో పుట్టారు. అప్పటి జపాన్‌ను ఏలిన సేనాధిపతుల్లో ఓదా నొబునాగా దగ్గర, ఆ తరువాత తొయొతొమి హిదెయొషి దగ్గర తేనీటి ఆచార్యులుగా ఉన్నారు. చైనా నుంచి తెచ్చిన ఖరీదైన పాత్రలను ప్రదర్శించడమే గొప్ప అనుకునే కాలంలో, ఆయన వెదురును కోసి పూలపాత్ర చేశారు. చోజిరో అనే కుమ్మరి చేత, సారె మీద తిప్పకుండా చేతులతోనే మలిచిన నల్లటి గిన్నెలు చేయించారు. రాకు పాత్రల సంప్రదాయానికి అదే మొదలు.

క్యోటోకు దక్షిణాన యామజాకిలో ఉన్న తాయ్‌ఆన్ అనే గది ఆయన కట్టించినదిగా చెబుతారు. అందులో పరిచే చాపలు రెండే; ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. లోపలికి వెళ్లే ద్వారం నడుము ఎత్తు కూడా ఉండదు. దొర అయినా దాసుడైనా తల వంచి, మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాల్సిందే. నడుముకు కత్తితో ఆ ద్వారం దాటడం కుదరదు. అదే కాలంలో హిదెయొషి బంగారు రేకులతో, ఎక్కడికైనా తీసుకువెళ్లగలిగేలా ఒక తేనీటి గది చేయించుకున్నారు. 1587లో క్యోటోలోని కితానో ఆలయ ఆవరణలో ఆయన ఏర్పాటు చేసిన మహా సమావేశానికి రైతులనూ పట్టణవాసులనూ కూడా ఆహ్వానించి, తేయాకు లేనివారు వేయించిన ధాన్యపు పిండి కలుపుకున్నా సరేనని ప్రకటించారు. పది రోజులు జరగాల్సిన ఆ వేడుక ఒక్క రోజుతో ఆగిపోయింది.

నాలుగేళ్లు తిరగకుండానే, 1591లో, హిదెయొషి ఆజ్ఞ మీద రిక్యూ తన కడుపు తానే కోసుకుని చనిపోయారు. దాయ్‌తొకుజి ఆలయ ద్వారం పైఅంతస్తులో తన కొయ్య విగ్రహం ఉండనిచ్చి, ఆ కింద నుంచి నడిచే ప్రభువును అవమానించారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి; అసలు కారణం ఏమిటన్న విషయంలో చరిత్రకారులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆయన వంశంలో వెలసిన ఒమొతెసెంకె, ఉరాసెంకె, ముషకోజిసెంకె అనే మూడు పీఠాలు నేటికీ క్యోటోలో ఈ విద్యను నేర్పుతున్నాయి.

ఇంట్లో చేసుకోవడానికి ఏ సామాను కావాలి?

వెదురు చిలుకుడు కుంచె ఒకటి, అడుగు వెడల్పుగా ఉన్న గిన్నె ఒకటి, సన్నటి జల్లెడ ఒకటి ఉంటే చాలు. కుంచెను చాసెన్ అంటారు. ఒకే వెదురు ముక్కను 80 నుంచి 120 దాకా సన్నటి పుల్లలుగా చీల్చి, కొనలు వంచి చేస్తారు. జపాన్‌లో తయారయ్యే చాసెన్లలో అధిక భాగం నారా ప్రాంతంలోని తకాయామా అనే ఊరి నుంచే వస్తాయి, అక్కడ ఈ పని సుమారు 500 ఏళ్లుగా సాగుతోంది. వాడే ముందు ఒక నిమిషం గోరువెచ్చని నీటిలో ఉంచాలి, లేకపోతే పుల్లలు విరుగుతాయి. కడగడానికి నీళ్లు చాలు, సబ్బు పెట్టకూడదు. పొడి తీసే వెదురు చెంచాను చాషకు అంటారు, అది లేకపోతే మామూలు చెంచా వాడుకోవచ్చు. గిన్నె విషయంలో మాత్రం ఒక మాట చెబుతాను: కాఫీ కప్పు ఇరుకుగా ఉండి కుంచె ఆడదు, రెండు చేతుల్లో పట్టే పెరుగు గిన్నె దానికన్నా ఎంతో నయం.

కలిపే పద్ధతి ఎలా?

గిన్నెలో వేడి నీళ్లు పోసి, తిప్పి, పారబోసి, లోపలంతా పొడిగా తుడవండి. తడి ఉంటే పొడి ఉండ కడుతుంది. సుమారు 2 గ్రాముల మాచాను, అంటే ఒక చిన్న చెంచాడు, గిన్నెలోకి జల్లించండి. ఈ జల్లెడ పట్టడాన్ని మానేయకండి. ఎంత చిలికినా కరగని ఉండలు దీనివల్లనే పోతాయి. నీరు మరిగాక వేరే పాత్రలోకి ఒకసారి, అందులోంచి ఇంకో పాత్రలోకి మరోసారి వంచితే దాదాపు 80 డిగ్రీల సెల్సియస్‌కు దిగుతుంది. ఆ నీటిని 60 నుంచి 70 మిల్లీలీటర్లు పోయండి.

ఒక చేత్తో గిన్నెను గట్టిగా పట్టుకుని, రెండో చేతి మణికట్టును వదులుగా ఉంచి, కుంచెను ముందుకూ వెనక్కూ చురుకుగా ఆడించండి. కవ్వంలా గుండ్రంగా తిప్పితే నురగ రాదు. కుంచె అడుగుకు ఒత్తుకోకుండా చూసుకోండి. 15, 20 సెకన్లలో నురగ లేస్తుంది; అప్పుడు వేగం తగ్గించి, పైపైన పెద్ద బుడగలను చెదరగొట్టి, మధ్యలోంచి మెల్లగా పైకి తీయండి. ఉరాసెంకె వారు పైనంతా నురగ కప్పేలా చిలుకుతారు, ఒమొతెసెంకె వారు నెలవంకంత చోటును నురగ లేకుండా వదిలేస్తారు. పొడి అడుగున పేరుకునే లోపు, వెంటనే తాగాలి.

నీటి గురించి కూడా ఆలోచించండి. బోరు నీటిలోని లవణాలు రుచిని చంపేస్తాయి. హైదరాబాద్‌లో చాలా పేటల్లో వచ్చే నీళ్లతో ఎంత మంచి మాచా అయినా చప్పగా, మొద్దుగా ఉంటుంది. ఫిల్టరు నీళ్లతో అదే డబ్బాలోని పొడి వేరే వస్తువులా తోస్తుంది.

ఉసుచా, కోయిచా అంటే ఏమిటి?

పైన చెప్పినది ఉసుచా, అంటే పలుచటి టీ. కోయిచా చిక్కటిది: ఒక్కొక్కరికి సుమారు 4 గ్రాముల పొడి, 30 నుంచి 40 మిల్లీలీటర్ల నీరు. దీన్ని చిలకరు, కుంచెతో మెల్లగా మెదుపుతారు, తేనెలా జారుతుంది. సంప్రదాయ సమావేశంలో ముఖ్యమైనది ఇదే, ఒకే గిన్నెను అతిథులు వంతులవారీగా తాగుతారు. నాసిరకం పొడితో కోయిచా చేస్తే నోట్లో పెట్టుకోలేం.

నేను చేసినది చేదుగా వచ్చింది. తప్పు ఎక్కడుంది?

ఎక్కువసార్లు తప్పు నీటి వేడిలోనే ఉంటుంది. సలసల మరిగే నీరు పోస్తే చేదూ వగరూ ముందుకు వస్తాయి. నీరు సరిగానే ఉంటే పొడి పాతదై ఉండాలి. పసుపు, గోధుమ రంగుల వైపు తిరిగిన పొడి ఎండుగడ్డి వాసన వేస్తుంది. వంటకాల కోసం అమ్మే రకాన్ని ఉత్త నీటిలో కలిపినా ఇంతే. అయితే కొంచెం చేదు ఉండటం దోషం కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వును వెతుక్కుని తినే మనకు, చేదు వెనక వచ్చే తీపి ఎలా ఉంటుందో తెలుసు. మంచి మాచా మింగిన అరనిమిషం తరువాత గొంతులో నిలిచేది అదే.

‘సెరిమోనియల్ గ్రేడ్’ అని రాసి ఉంటే మేలైనదేనా?

ఆ మాటకు చట్టపరమైన అర్థం ఏదీ లేదు. జపాన్ వెలుపలి మార్కెట్ కోసం పుట్టిన అమ్మకపు మాట అది, ఎవరైనా డబ్బా మీద అచ్చు వేసుకోవచ్చు. దానికి బదులు ఈ వివరాలు చూడండి: ఏ ఊరి ఆకు (ఉజి, నిషియో, యమె, కగోషిమా పేరున్న ప్రాంతాలు), మొదటి కోతదా కాదా, ఎప్పుడు విసిరారు, గడువు ఎప్పటిదాకా. చక్కెర, పాలపొడి కలిపిన మిశ్రమాలు కూడా మాచా పేరుతోనే అమ్ముడవుతున్నాయి కాబట్టి వెనక ఉన్న పదార్థాల వరసలో తేయాకు ఒక్కటే ఉందో లేదో చదవండి. పాత దుకాణాలు తమ మాచాలకు కావ్యాల్లోని మాటల్లాంటి పేర్లు పెట్టి, ఏది ఉసుచాకు, ఏది కోయిచాకు అని చెబుతాయి. ఆ సమాచారమే మనకు పనికొస్తుంది.

ఎలా నిలవ చేయాలి?

వెలుగు, వేడి, తేమ, గాలి, ఇతర వాసనలు, ఈ ఐదూ మాచాకు శత్రువులే. మొదటి డబ్బాను నేను ఫ్రిజ్‌లో ఇంగువ సీసా పక్కన, మూత వదులుగా పెట్టాను. వారం తిరిగేసరికి గిన్నెలోంచి పులిహోర వాసన వచ్చింది, మిగిలిన పొడిని పారేయవలసి వచ్చింది. మన వంటింట్లో పెట్టేటప్పుడు గాలి చొరని డబ్బాను మరో బిగుతైన డబ్బాలో ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తెరవకండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. చిన్న డబ్బాలే కొని, తెరిచిన నాలుగైదు వారాల్లో అయిపోయేలా చూసుకోండి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. విసిరిన పొడి త్వరగా పాడవుతుంది కానీ, విసరని ఆకు అలా కాదు. వేసవి మొదట్లో కోసిన ఆకును మట్టి జాడీలో మూసి, నవంబరులో మూతి కాగితాన్ని కోసి తెరవడం తేనీటి సంప్రదాయంలో పెద్ద పండుగ. నేలలో తవ్విన చలికాలపు పొయ్యిని తెరిచేది కూడా ఆ నెలలోనే. కొన్ని నెలలు ఆగిన ఆకులో పచ్చి వాసన తగ్గి రుచి కుదురుకుంటుంది. మన ఇళ్లలో కొత్త బియ్యం కన్నా పాత బియ్యానికి విలువ ఇచ్చినట్టే.

పాలు, చక్కెర కలిపితే తప్పా?

తప్పేమీ లేదు. జపాన్‌లోనే మాచా ఐస్‌క్రీములు, కేకులు, లాటేలు వీధి వీధినా దొరుకుతాయి. పాలల్లోకి వంటకాల రకం మాచానే వాడండి. దానిలోని వగరు పాల కొవ్వునూ చక్కెరనూ దాటుకుని పలుకుతుంది, ధరా తక్కువ. మేలైన మాచాను పాలలో కలిపితే దాని సున్నితమైన రుచి మునిగిపోతుంది. ఇరానీ చాయ్ అలవాటున్నవారికి మొదట పాలతో ఇవ్వడమే మంచిదని కొందరు చెబుతారు గానీ, నేను ఒప్పుకోను. ఒక్కసారైనా ఉత్త నీటితో, ముందు ఒక తీపి ముక్క తిని తాగి చూడమంటాను.

కెఫీన్ ఎంత ఉంటుంది? ఆరోగ్యానికి మంచిదా?

జపాన్ ప్రభుత్వ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల మాచాలో 3.2 గ్రాముల కెఫీన్ ఉంటుంది, అంటే 2 గ్రాముల గిన్నెలో సుమారు 64 మిల్లీగ్రాములు. సాయంత్రం ఆలస్యంగా తాగితే నిద్ర పట్టకపోవచ్చు. గర్భవతులు రోజు మొత్తంలో, కాఫీ టీలన్నీ కలిపి, 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ సూచించింది.

కాటెకిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. శాకాహారం తినేవారికి, రక్తహీనత ఉన్నవారికి ఇది నిజంగా ముఖ్యమైన విషయం. అన్నం తిన్న వెంటనే కాకుండా గంట, గంటన్నర ఆగి తాగండి. ఆకు మొత్తాన్ని తీసుకుంటాం కాబట్టి విటమిన్ కె కూడా వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు వైద్యుణ్ణి అడిగాకే రోజూ తాగాలి. బరువు తగ్గిస్తుంది, క్యాన్సర్‌ను ఆపుతుంది అన్న ప్రకటనలను నమ్మి కొనకండి. గ్రీన్ టీ సారాన్ని గాఢంగా నింపిన మాత్రలు కొందరిలో కాలేయానికి హాని చేశాయి కూడా.

ధర ఇంత పెరిగిందేమిటి? కొన్నిసార్లు దొరకడం కూడా లేదు.

ప్రపంచమంతా ఒక్కసారిగా అడగడం మొదలుపెట్టింది, తోటలు మాత్రం ఒక్కసారిగా పెరగవు. కొత్తగా నాటిన మొక్క సరైన కోతకు రావడానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. నీడ పందిరికీ, టెన్‌చా పొయ్యికీ పెట్టుబడి ఎక్కువ. రైతుల్లో చాలామంది వయసు మళ్లినవారు. 2024 శరదృతువులో క్యోటోలోని పేరున్న పాత దుకాణాలు ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి. చాలాకాలం దేశంలో మొదటి స్థానంలో ఉన్న షిజుఒకాను తేయాకు ఉత్పత్తిలో 2024లో కగోషిమా దాటింది, అక్కడ ఇళ్లలో రోజూ కాచుకునే మామూలు గ్రీన్ టీ అయిన సెంచా తోటలు టెన్‌చా వైపు మళ్లుతున్నాయి. సెంచా తాగే జపాన్ సామాన్యులకు దీనివల్ల తమ రోజువారీ టీ ప్రియమవుతోందన్న సంగతిని, దూరాన ఉండి కొనే మనం గుర్తుంచుకోవాలి. కొన్నది వృథా చేయకుండా తాగుదాం.

తేనీటి సమావేశానికి పిలిచారు. ఎలా నడుచుకోవాలి?

భయపడకండి, తెలియనివారు వస్తారని పిలిచినవారికి తెలుసు. భోజనం, కోయిచా, ఉసుచా అన్నీ ఉండే పూర్తి సమావేశాన్ని చాజి అంటారు, దానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. మిమ్మల్ని పిలిచేది చాలావరకు చాకాయ్ అనే చిన్నదానికే అయి ఉంటుంది. శుభ్రమైన తెల్ల మేజోళ్లు తీసుకువెళ్లండి. ఉంగరాలు, గాజులు, గడియారం ముందే తీసి దాచుకోండి, కొన్ని గిన్నెలు వందల ఏళ్లనాటివి, గీత పడితే పోయినట్టే. అత్తరు పూసుకోకండి. వజ్రాసనంలో కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులుంటే ముందే చెబితే చిన్న పీట ఇస్తారు.

గదిలోకి వెళ్లగానే గోడలోని గూడు ముందు కూర్చుని, అక్కడ వేలాడే రాతనూ పువ్వునూ చూడండి. ఆ రోజు కోసం, మీ కోసం ఎంచిపెట్టినవి అవి. గిన్నె మీ ముందుకు వచ్చినప్పుడు పక్కవారితో ‘ఒసాకి ని’ అనండి, మీకన్నా ముందు తీసుకుంటున్నందుకు మన్నించమని దాని భావం. కలిపి ఇచ్చినవారికి ‘ఒతెమాయె చోదాయ్ ఇతాషిమాసు’ అని తలవంచండి. గిన్నెను ఎడమ అరచేతిలో నిలిపి, కుడిచేత్తో సవ్యంగా రెండుసార్లు కొంచెం కొంచెం తిప్పండి. ఎందుకంటే గిన్నె అందమైన ముఖాన్ని మీ వైపు ఉంచి ఇస్తారు, ఆ ముఖం మీద పెదవి పెట్టకుండా పక్కకు తిప్పుకోవడం అతిథి వినయం. చివరి గుక్కను చప్పుడయ్యేలా జుర్రండి. మన ఇంట్లో పెద్దలు వారించే ఆ చప్పుడే అక్కడ ‘తాగేశాను’ అని చెప్పే మర్యాద. పెదవి తగిలిన చోటును వేళ్లతో తుడిచి, గిన్నెను వెనక్కి తిప్పి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, నేలకు దగ్గరగా ఉంచే పరిశీలించండి. అంత కిందికి వంగి చూసేది, జారినా పగలకూడదని.

ముందు తీపి ఎందుకు పెడతారు? శాకాహారులు తినవచ్చా?

నోట్లో తీపి ఉన్నప్పుడే మాచా రుచి విచ్చుకుంటుంది, కాబట్టి తీపి పూర్తిగా తిన్నాకే గిన్నె ఎత్తాలి. కోయిచాకు ముందు మెత్తటి తీపి, ఉసుచాకు పొడి తీపి పెట్టడం ఆనవాయితీ. మెత్తటివాటిలో ఎక్కువగా ఉండేది అజుకి గింజల ముద్ద. పెసలు, అలసందల కుటుంబానికే చెందిన గింజ అది, ఉడికించి చక్కెరతో దగ్గరికి తెస్తారు. బూరెల్లోని పూర్ణం తిన్న నాలుకకు అది కొత్తగా అనిపించదు. పారదర్శకంగా మెరిసేవాటిలో వాడేది సాధారణంగా సముద్రపు నాచు నుంచి తీసే కాంతెన్. గుడ్డు వేసేవి కొన్ని ఉన్నాయి, దొరాయాకి, కాసుతెరా అలాంటివే. జాగ్రత్త పడవలసింది చాజిలో వడ్డించే భోజనం దగ్గర: కూరగాయల వంటకంలా కనిపించేదాని చారులో కూడా ఎండుచేప సారం ఉంటుంది. కాబట్టి ఆహ్వానం అందిన రోజే తెలియజేయండి.

జపాన్‌లో అందరూ రోజూ మాచానే తాగుతారా?

లేదు. ఇళ్లలో రోజూ కాచేది సెంచా. ఆవిరి పట్టి చేత్తో నలిపే ఆ పద్ధతిని 1738లో నగాతాని సోయెన్ అనే ఉజి ప్రాంతపు రైతు రూపొందించారు. వేయించిన హోజిచాలో కెఫీన్ తక్కువ, రాత్రి భోజనం తరువాత బాగుంటుంది. వేయించిన బియ్యం కలిపిన గెన్‌మాయ్‌చా వాసన మరమరాలను తలపిస్తుంది. మాచా నచ్చని తెలుగు ఇళ్లలో కూడా ఇది నచ్చడం చూశాను. నీడ కట్టి పెంచినా పొడి చేయని ఆకు గ్యొకురో, దాన్ని 50, 60 డిగ్రీల నీటిలో నానబెట్టి చిన్న చిన్న గుక్కలుగా తాగాలి. వేసవిలో పిల్లలకు పోసే ముగిచా బార్లీ గింజలతో కాచేది, అందులో తేయాకే ఉండదు.

జపాన్ వెళ్తే ఎక్కడ రుచి చూడాలి?

ఉజిలో బ్యోదోఇన్ ఆలయం పక్కనే నగరపాలక సంస్థ నడిపే తాయ్‌హోఆన్ అనే తేనీటి గది ఉంది, తక్కువ రుసుముతో సాధకులు కలిపి ఇస్తారు. టోక్యోలో హమారిక్యూ తోట చెరువు మధ్యనున్న తేనీటి ఇంట్లో నీటిని చూస్తూ తాగవచ్చు. మత్సుదాయిరా ఫుమాయ్ అనే తేనీటి ప్రియుడైన ప్రభువు ఏలిన మత్సుఏ పట్టణంలో మామూలు ఇళ్లలోనూ మాచా కలుపుకునే అలవాటు ఉంది. క్యోటోలోని కితానో ఆలయంలో ఏటా ఫిబ్రవరి 25న, ఉమె అనే ప్లమ్ జాతి చెట్లు పూసిన తోటలో బయటే టీ పోస్తారు.

నన్ను అడిగితే మాత్రం, వీలైతే నారాలోని సాయ్‌దాయ్‌జి ఆలయానికి ఒచామోరి జరిగే రోజున వెళ్లండి. ఎయిసోన్ అనే భిక్షువు 1239లో దేవుడికి అర్పించిన టీని చుట్టుపక్కల ప్రజలకు పంచడంతో మొదలైన వేడుక అది. అక్కడి గిన్నెల వెడల్పు 30 సెంటీమీటర్లు దాటుతుంది, బరువు ఆరేడు కిలోలు, చిలికే కుంచె కూడా దానికి తగినంత పెద్దది. నా వంతు వచ్చినప్పుడు గిన్నెను ఒక్కదాన్నే ఎత్తలేకపోయాను. ఎడమ పక్కన కూర్చున్న ముసలాయన, కుడి పక్కన కూర్చున్న బడిపిల్ల చెరో అంచూ పట్టుకుని నా నోటి దాకా వంచారు; మొహమంతా గిన్నెలో మునిగి, ముక్కుకు పచ్చ నురగ అంటుకుంది. తరువాత ఆ పిల్ల వంతు వచ్చింది, నేనూ పట్టుకున్నాను.